గంట కొట్టాక తెరిచే బడి

మీ ఊళ్లో ఒక పాత బడి ఉంది. తలుపుకు తాళం, తాళానికి తుప్పు. దాన్ని బాగు చేస్తే, బడి వదిలాక ఇంట్లో ఎవరూ లేని పిల్లలు సాయంత్రాలు అక్కడ గడుపుతారని నలుగురు అనుకున్నారు. మంచి ఆలోచనే. కానీ ఇలాంటి ఆలోచన పుట్టిన వారం తిరక్కముందే ఎవరో ఒకరు పెయింటు షాపు నుంచి రంగుల కార్డు పట్టుకొస్తారు. ముందు గోడ మీద ఏ బొమ్మ వేయించాలని చర్చ మొదలవుతుంది. ఆ కార్డును కొన్నాళ్లు బీరువాలో పెట్టండని చెప్పడానికే ఈ అధ్యాయం.

భవనం కొలతల కంటే ముందు ఊరి పొద్దు తెలుసుకోవాలి. ఏ ఇంట్లో తల్లి ఎన్నింటికి పనికి పోతుంది, ఎన్నింటికి తిరిగొస్తుంది, ఏ నెలల్లో అసలు ఊళ్లోనే ఉండదు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం ప్లాను గీసినట్టే.

కర్నూలు జిల్లా కోసిగినే తీసుకుందాం. ఆదోని నుంచి మంత్రాలయం పోయే దారిలో మండల కేంద్రం, గుంతకల్లు–రాయచూరు రైలు మార్గంలో ఒక స్టేషను. తుంగభద్ర దగ్గర్లోనే పారుతున్నా చాలా పొలాలు వానను నమ్ముకున్నవే. అక్షరాస్యతలో వెనకబడిన మండలాల లెక్క వచ్చినప్పుడల్లా ఈ పేరు వినిపిస్తుంది. పత్తి తీతలు ఉన్నన్నాళ్లు ఆడవాళ్లు పొద్దున్నే ఆటోల్లో పోయి దీపాలు పెట్టే వేళకు వస్తారు. తీతలు అయిపోతే ఊళ్లో పని ఉండదు, కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు కొందరు, తెలంగాణ పత్తి చేలకు కొందరు, బెంగళూరు కట్టడం పనులకు కొందరు. పిల్లలు వెంట పోతే ఆ ఏటి చదువు అక్కడితో సరి. పోకపోతే అవ్వ దగ్గర మిగులుతారు.

ఆదోని డివిజన్‌లోని ఇలాంటి ఊళ్ల కోసమే సర్వశిక్షా అభియాన్ రోజుల నుంచి సీజనల్ హాస్టళ్లు నడుస్తూ వస్తున్నాయి. కొత్త భవనం కట్టరు. ఉన్న బడి గదులే రాత్రికి పడక గదులవుతాయి. పొద్దున, రాత్రి అన్నం, మధ్యాహ్నం మామూలు బడి భోజనం, చూసుకోవడానికి ఒకరిద్దరు మనుషులు. పాత బడిని పిల్లల సంరక్షణకు వాడుకోవడంలో మన ముందున్న అసలైన నమూనా ఇదే. అందులో నేర్చుకోవాల్సింది గదుల సంగతి కాదు, తేదీ. తల్లిదండ్రులు మూటలు కట్టక ముందే హాస్టలు తెరవాలి. వలస బండి కదిలాక తెరిస్తే పిల్లలు అప్పటికే గుంటూరు చేరి ఉంటారు. మీరు పెట్టబోయే సాయంత్రపు కేంద్రానికీ ఈ లెక్కే. జూన్‌లో ప్రారంభోత్సవం బాగుంటుంది, దండలు పడతాయి. నిజంగా అవసరం పడేది పత్తి పగిలినప్పుడు.

ఇక రోజువారీ లెక్క. బడి వదిలినప్పటి నుంచి తల్లి ఇల్లు చేరేదాకా మధ్యలో రెండు మూడు గంటలు. బడి భవనాలు పగటి కోసం కట్టినవి. ఆ గంటల్లో పిల్లలకు కావాల్సినవి వేరు: ముందు ఆకలి తీరాలి, తర్వాత కాళ్లూ చేతులూ ఆడాలి, చీకటి పడ్డాక వెలుతురు ఉండాలి, భయం లేకుండా మరుగుదొడ్డికి పోగలగాలి, చివరికి తెలిసిన మనిషి చేతికి అందాలి. బాగుచేత ఈ వరుసలో నడవాలి.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. ఆరో తరగతి అమ్మాయి మీ కేంద్రానికి ఎందుకు రావడం లేదని తల్లిని అడగండి. "చిన్నోడిని ఎవురు పట్టుకోవాల సారూ?" అంటుంది. ఆ అమ్మాయి చంకలో రెండేళ్ల తమ్ముడు ఉంటాడు. బడి పిల్లలకే ప్రవేశం అని బోర్డు రాస్తే మగపిల్లలు వస్తారు, ఆడపిల్లలు తమ్ముళ్లతో ఇంటి గడపలోనే ఉంటారు. చంటివాడికి కూడా ఒక మూల, ఒక చాప, ఒక ఊయల ఉంటేనే ఆ అక్క వచ్చి పుస్తకం తెరుస్తుంది. కాబట్టి రెండు గదులు దొరికితే ఒకటి చిన్నవాళ్లది. ఒకటే గది అయితే వయసులో పెద్దదైన ఆయమ్మ ఒకామెను అదనంగా పెట్టుకోండి, కుర్చీలు తగ్గించుకున్నా ఫరవాలేదు.

ఇప్పుడు భవనం దగ్గరికి వద్దాం. ముందు అది ఎవరిదో తేల్చుకోండి. మండల పరిషత్ బడి వేరు, పంచాయతీ కట్టించిన గది వేరు, దాత స్థలంలో వెలిసిన బడి వేరు. బడి యాజమాన్య కమిటీ తీర్మానం, ప్రధానోపాధ్యాయుల సమ్మతి, ఎంఈవో కాగితం, ఈ మూడూ లేకుండా ఒక్క ఇటుక కదపొద్దు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ బడికి తల్లిదండ్రుల కమిటీ ఉండాలని చెప్పింది ఆ చట్టమే, ఆ కమిటీని వాడుకోండి. కాగితంలో గడువు కూడా రాయించుకోండి. ఖాళీ గది ఎప్పటికీ ఖాళీగా ఉండదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117 జీవో వచ్చినప్పుడు చాలాచోట్ల మూడు నుంచి ఐదు తరగతులు హైస్కూళ్లకు తరలి ప్రాథమిక బడుల్లో గదులు మిగిలాయి. 2025లో ఆ జీవో పక్కకు పోయింది, లెక్కలు మళ్లీ మారాయి. మీరు డబ్బు పోసి బాగు చేసిన గది మరుసటి ఏడు తరగతికే కావాల్సి వస్తే, పగలు వాళ్లది, సాయంత్రం మీది అన్న ఒప్పందం ముందే ఉంటే తగువు రాదు.

తర్వాత ఇంజినీరు. పంచాయతీరాజ్ ఏఈనో, సమగ్ర శిక్ష ఇంజినీరునో పిలిచి గది వాడకానికి పనికొస్తుందని రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చాలదు. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ బడి కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఇంజినీరు వద్దన్న గదిని ప్రేమతో బాగు చేయకండి. దాన్ని పడగొట్టించి, ఆ జాగాలో రేకుల పందిరి వేసుకోవడం మేలు.

ఇంజినీరు వచ్చేలోపు మీ కళ్లతో మీరు చూడగలిగినవి ఉన్నాయి. పైకప్పుతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఇక్కడ మూడు రకాల కప్పులు కనిపిస్తాయి, మూడింటి జబ్బులూ వేరు.

పాతవి మట్టి మిద్దెలు. దూలాలు, దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి పైన చౌడు మట్టి. ఏటా వానల ముందు ఇంకాస్త చౌడు పోయడం అలవాటు. ఆ అలవాటే మిద్దెను కుంగదీస్తుంది. ఇరవై అడుగుల చదరపు గది అనుకోండి, 400 చదరపు అడుగులు. దాని మీద అర అడుగు మట్టి అంటే 200 ఘనపుటడుగులు. తడిసిన మట్టి ఘనపుటడుగు సుమారు యాభై కిలోలు తూగుతుంది. అంటే పిల్లల నెత్తిన పది టన్నులు. దశాబ్దాలుగా పోసిన చౌడు అడుగు దాటి ఉంటే లెక్క మీరే వేసుకోండి. అలాంటి మిద్దెకు మందు ఇంకో పొర కాదు. పాత మట్టి దించి, దూలాల కొసలు గోడలో దిగిన చోట చెద పట్టిందా, పుచ్చిందా అని చూడాలి. దూలం నడుమ గట్టిగా కనిపించినా కొస పొడి పొడిగా రాలడం మామూలే, ఎందుకంటే గోడ చెమ్మ తగిలేది అక్కడే. మట్టి దించేటప్పుడు గవాక్షి మూసేయకండి. వేడి గాలి పోయే దారి అదొక్కటే.

రెండోది స్లాబు. పెచ్చులూడి కమ్మీలు కనిపిస్తున్నాయా? పైన నీళ్లు నిలిచి లోపలికి దిగాయి, కమ్మీ తుప్పు పట్టింది. తుప్పు నానిన శనగలా ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును కిందికి తోస్తుంది. దానిమీద సిమెంటు గిలాబు చేసి సున్నం కొడితే ఫొటోకు బాగుంటుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. చిన్న సుత్తితో స్లాబు అడుగున తడుతూ పోండి. గట్టి చోట ఖంగుమంటుంది, పట్టు వదిలిన చోట డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన చోటల్లా సుద్దతో గీత గీసి ఇంజినీరుకు చూపించండి. గీతలు గది సగం నింపితే ఆ గదిని వదిలేయడమే మంచిది. తక్కువగా ఉంటే పనిని పైనుంచి మొదలుపెట్టాలి: పిట్టగోడ దగ్గర నీళ్లు నిలవకుండా వాటం, నీళ్లు దిగే గొట్టాల్లోని కసువు, ఆకులు తీసేయడం. కిందిది ఆ తర్వాత.

మూడోది రేకులు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. కదపనంతవరకు పెద్ద ప్రమాదం లేదు. కోస్తేనో, రంధ్రం వేస్తేనో, పగలగొడితేనో కంటికి కనపడని పోగులు గాల్లో కలుస్తాయి, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రావు. ఫ్యాను కొక్కెం కోసం అలాంటి రేకుకు డ్రిల్లు పెట్టనివ్వకండి. మార్చక తప్పకపోతే సెలవుల్లో, నీళ్లతో తడిపి, ముక్కలు చేయకుండా పూర్తి రేకుగా దించించండి.

కప్పు ఏదైనా ఇక్కడి ఎండకు అది పెనమే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చింది. సారం తేలికే: పైకప్పు తెల్లగా ఉంటే ఎండ వెనక్కి పోతుంది. మనకు దానికి విధానం అక్కర్లేదు, పాత సున్నం చాలు. స్లాబు శుభ్రం చేసి ఫిబ్రవరిలో సున్నం పూత వేసుకుంటే ఏప్రిల్ సాయంత్రం గదిలో కూర్చోగలుగుతారు. పొద్దుగూకాక కూడా స్లాబు పగటి వేడిని కక్కుతూనే ఉంటుంది, మన పిల్లలు ఉండేది సరిగ్గా ఆ గంటల్లో.

గోడల పగుళ్లకు కంగారు పడేవాళ్లున్నారు, అసలు పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. ఈ నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. పునాది లోతు లేని గది దానితోపాటు ఏటా పైకీ కిందికీ కదులుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు సాధారణంగా ఈ కదలిక గుర్తే. పగులుకు అడ్డంగా పెన్సిలుతో ఒక గీత గీసి, పక్కన తేదీ రాయండి. వేసవిలో, వానల్లో చూడండి. గీత రెండు ముక్కలై దూరం జరుగుతూనే పోతే గది ఖాళీ చేయాలి. ఎండకు తెరుచుకుని వానకు మూసుకుంటుంటే గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాటంగా బండపరుపు వేయండి, గోడ మొదట్లో నీళ్లు ఇంకకుండా ఉంటే చాలు. బేతంచెర్ల బండలు దూరం కాదు. రాతి గోడ సున్నంతో కట్టింది అయితే సందులను సున్నంతోనే పూడ్చండి. సిమెంటు గిలాబు లోపలి చెమ్మను బయటికి రానివ్వదు, కొన్నాళ్లకు పలకలు పలకలుగా ఊడిపోతుంది. సందులు పూడ్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. రాతి గోడ సందుల్లో తేళ్లు ఉంటాయి, పిల్లలు గోడకు ఆనుకునే కూర్చుంటారు.

ఇక రంగు. పాత తలుపుల మీది ఎనామిల్ రంగును పొడిగా గీకకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకు ముందటి రంగులో సీసం ఎంతుందో ఎవరికెరుక. ఆ పొడి చిన్నపిల్లల మెదడుకు హాని చేస్తుంది. తడిపి గీకి, ఆ చెత్తను మూట కట్టి పారేయాలి. పిల్లలు లేనప్పుడే ఈ పని.

ఆంధ్రప్రదేశ్‌లో బడుల బాగుచేతకు 2019 నవంబరు 14న మొదలైన నాడు–నేడు పథకం మొదటి విడతలో 15,715 బడులను తీసుకున్నారు. మరుగుదొడ్లు, నీళ్లు, మరమ్మతులు, కరెంటు, బల్లలు, గ్రీన్‌బోర్డులు, ప్రహరీ, రంగులు అన్నీ జాబితాలో ఉన్నాయి. పని డబ్బు తల్లిదండ్రుల కమిటీల ఖాతాల ద్వారా నడిచింది. ఆ పథకం మీద రాజకీయంగా ఎవరి అభిప్రాయం వాళ్లది. మనకు పనికొచ్చేది ఒకటుంది: మీ బడిలో అప్పటి మరుగుదొడ్లు, కొళాయిలు ఇప్పటికే ఉండొచ్చు. కొత్తవి కట్టే ముందు ఉన్నవాటికి నీళ్లెందుకు రావడం లేదో కనుక్కోండి. చాలాసార్లు కావాల్సింది మోటారు రిపేరు, లేదా ట్యాంకుకు ఒక మూత.

మరుగుదొడ్డి సాధారణంగా ఆవరణ చివర్లో ఉంటుంది. పగలు ఇబ్బంది లేదు. ఆరున్నరకు ఏ ఆడపిల్లా ఒంటరిగా అక్కడికి పోదు, ఇంటికెళ్లేదాకా బిగబట్టుకుంటుంది, నీళ్లు తాగడం మానేస్తుంది. గది గుమ్మం నుంచి దొడ్డి దాకా దారంతా లైట్లు, లోపల ఒక లైటు, ఆరేళ్ల పిల్లకు అందే ఎత్తులో గడియ. ముందు గోడ మీది కార్టూను బొమ్మ కంటే ముందు వీటికి డబ్బు తీయండి.

కరెంటు విషయంలో బేరం వద్దు. పాత వైరింగ్ మొత్తం తీయించి కొత్తది వేయించండి. ఎర్త్ గుంత తప్పనిసరి. మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, కరెంటు మనిషి ఒంట్లోంచి లీకవుతుంటే క్షణంలో కట్టేస్తుంది. లైట్లు పిల్లలు రాసే చేతి నీడ నోటుబుక్కు మీద పడకుండా చూసి బిగించాలి, గది నడుమ ఒక్క బల్బు చాలదు. కరెంటు పోతే వెలిగే బ్యాటరీ లైట్లు రెండు ఉండాలి. కొవ్వొత్తులు వద్దు.

వంట పొయ్యి గదిలోనూ, గది తలుపు పక్కనా ఉండకూడదు. 2004 జులై 16న కుంభకోణంలో బడి వంటశాల మంట ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. బయటికి దారి సరిగా లేకపోవడమే అంతమందిని బలిగొంది. మీ గదికి రెండు దారులు ఉండాలి. రెండో తలుపు లేకపోతే ఒక కిటికీ గ్రిల్లును లోపలి నుంచి తెరుచుకునేలా మార్పించండి. తలుపులు బయటికి తెరుచుకోవాలి.

ఎంతమందిని చేర్చుకోవాలి? ఊళ్లో అడిగినవాళ్లందరినీ అనిపిస్తుంది. జపాన్‌లో బడి తర్వాత పిల్లలను చూసుకునే కేంద్రాలు చాలాచోట్ల బడుల్లోని ఖాళీ గదుల్లో నడుస్తాయి. అక్కడి ప్రమాణం పిల్లకు దాదాపు 1.65 చదరపు మీటర్లు, అంటే పద్దెనిమిది చదరపు అడుగులకు కాస్త తక్కువ, ఒక్కో బృందంలో సుమారు నలభై మంది. ఆ లెక్కన మన ఇరవై అడుగుల గదిలో ఇరవై రెండు మంది. మనకు ఆవరణ ఉంది, వేప చెట్టు ఉంది కాబట్టి కొంచెం సాగదీయొచ్చు. అరవై మందిని మాత్రం కుక్కకండి, అప్పుడు చూసుకునే మనిషి పని అరవడమే అవుతుంది.

ఆ మనిషే అన్నిటికంటే ఖరీదు, ఖరీదుగానే ఉండాలి. తుంగభద్ర అవతల కర్ణాటకలో 2023లో కూసిన మనె పేరుతో పంచాయతీల్లో శిశు సంరక్షణ కేంద్రాలు మొదలుపెట్టారు, లక్ష్యం 4,000. వాడకంలో లేని పాత ప్రభుత్వ భవనాలనే బాగు చేసి, ఉపాధి పనికి వచ్చే ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి చూసుకునేవాళ్లుగా పెట్టాలన్నది పద్ధతి. అవి బడి ఈడు రాని పిల్లలకు. అయినా మనం నేర్చుకోవాల్సింది అందులో ఉంది: ఊళ్లో మనిషి, చెల్లింపు, శిక్షణ. పొదుపు సంఘంలో ఓపిక, నోటి మంచితనం ఉన్న ఇద్దరిని వెతకండి. స్వచ్ఛందంగా చేస్తామన్నవాళ్ల ఉత్సాహం పత్తి తీతల్లో కూలి రేటు పెరగ్గానే పల్చబడుతుంది, అది వాళ్ల తప్పు కాదు. చేతిలో లక్ష రూపాయలుంటే యాభై వేలు భవనానికి, యాభై వేలు మనుషుల జీతానికి, తిండికి అని మొదటిరోజే విడదీసి రాసుకోండి. భవనానికి యాభై చాలకపోతే ఒక్క గదే బాగు చేయండి.

ఇద్దరు అన్నాను, ఒకరు చాలదు. పిల్లలతో ఏ పెద్ద మనిషీ మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండకూడదు. ఎంత నమ్మకస్తుడైనా సరే. చేర్చుకునే ముందు పోలీసు విచారణ చేయించండి. పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, అనుమానం కలిగినా ఫిర్యాదు చేయడం బాధ్యత. పిల్లల సహాయ నంబరు 1098ని గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించండి.

అక్కడ ఏం చేయించాలి అంటే, ట్యూషను మాత్రం కాదు. పగలంతా కూర్చున్న పిల్లను మళ్లీ కూర్చోబెట్టకండి. రాగానే తిండి. బొరుగులతో ఉగ్గాని చేస్తే నిమిషాల్లో అయిపోతుంది, పిల్లలకు ఇష్టం, పుట్నాల పొడి ఎక్కువ వేస్తే బలం. తర్వాత గంటసేపు ఆట, పొద్దు వాలాక హోంవర్కు, కథలు. సరిహద్దు ఊళ్లలో ఇళ్లలో కన్నడం మాట్లాడే పిల్లలు ఉంటారు, వాళ్లకు తెలుగు పుస్తకంతోపాటు కన్నడ కథల పుస్తకాలూ పెట్టండి. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చదివి వినిపించేలా చూస్తే ఇద్దరికీ పని దొరుకుతుంది.

చివరగా ఇంటికి పంపే పద్ధతి. ఒక రిజిస్టరు పెట్టి ప్రతి పిల్లకూ తీసుకెళ్లేవాళ్ల పేర్లు ముగ్గురివి రాసుకోండి: తల్లి, అవ్వ, పక్కింటి పిన్ని. ఆ ముగ్గురిలో లేని మనిషి, మేనమామనని చెప్పినా పిల్లను అప్పగించొద్దు. సుగ్గికి పోయేటప్పుడు తల్లి ఈ పేర్లు మార్చి సంతకమో వేలిముద్రో వేసి పోవాలి. ఆటో ఆలస్యమైతే, పొలం దగ్గర తూకం పొద్దుపోయి జరిగితే, ఎవరో ఒక పిల్ల ఏడున్నర దాకా మిగిలిపోతుంది. ఆ పిల్ల పోయేదాకా గదికి తాళం పడకూడదు, ఆయమ్మ కదలకూడదు. ఆ అరగంటకు కూడా ఆయమ్మకు లెక్కగట్టి డబ్బివ్వండి, తల్లి దగ్గర జరిమానా వసూలు చేయకండి.